గీతకు రెండు చుక్కలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో వరి పొట్టకొచ్చే రోజుల్లో పేపరు రాగానే మొదట చూసేది మొదటి పేజీ కాదు. లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే శ్రీశైలం నీటిమట్టం. ఇవాళ ఎన్ని అడుగులుంది? నిన్నటికంటే ఎంత దిగింది? ఆ రెండూ చూశాకే కాఫీ, రాజకీయాలూ.

అలాంటి ఓ ఇల్లు అనుకోండి. అరుగు మీద తండ్రి, చేతిలో పేపరు. లోపలి గదిలో కూతురు, ముందు ఇంటరు మొదటి ఏడాది లెక్కల పుస్తకం. ఆయన పైకి లెక్క కడుతున్నాడు. ఆమెకు ఆ గొణుగుడు అడ్డం వస్తోంది.

“నాయనా, కొంచెం మెల్లగా. లెక్కలు చేసుకుంటాండా.”

“నేనూ అదే చేస్తాండాను పాపా.”

ఇద్దరూ చేస్తున్నది ఒకే లెక్క. ఆ సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

తండ్రి లెక్క ఇది. అక్టోబరు 20న డ్యాములో 880 అడుగులుంది. 30న చూస్తే 876. (ఈ రెండూ లెక్క కోసం వేసుకున్న అంకెలే, ఏ ఏడాదివీ కావు. డ్యాము పూర్తి మట్టం 885 అడుగులన్నదీ, రాయలసీమలో ప్రతి రైతుకూ నోటికొచ్చిన 854 అడుగులన్నదీ మాత్రం నిజమైన అంకెలు.) మట్టం 854 కంటే దిగితే పోతిరెడ్డిపాడు నుంచి కాలువలకు నీళ్లు సరిగా అందవు. తుంగభద్రలో నీళ్లు చాలని రోజుల్లో కేసీ కాలువ కింది పొలాలకు ఆ దారిన బనకచర్ల మీదుగా వచ్చే శ్రీశైలం నీళ్లే ఆసరా. ఆయన వరి జనవరిలో కోతకొస్తుంది. డిసెంబరు 15 దాకా తడి కావాలి. ప్రశ్న ఒక్కటే: 854 ఏ తేదీకి తగులుతుంది?

“పది దినాలకు నాలుగడుగులు దిగింది. ఇంకా ఉండేది 22 అడుగులు. నాలుగుకు పదైతే ఇరవై రెండుకు యాభై అయిదు.” అక్టోబరు 30 నుంచి 55 రోజులంటే డిసెంబరు 24. పంటకు ఢోకా లేదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

కూతురి లెక్క: (2, 3), (5, 9) అనే బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం రాయుము.

ఆమె మొదట వాలు కట్టింది. 5లోంచి 2 తీస్తే 3. 9లోంచి 3 తీస్తే 6. మూడును ఆరుతో భాగించి అర అని రాసింది. తప్పు. పిల్లలు ఈ పాఠంలో ఎక్కువగా చేసే తప్పు ఇదే, పైది కిందా, కిందిది పైనా వేయడం. వాలు అంటే పక్కకు ఒక్క అడుగు వేస్తే పైకి ఎంత ఎక్కాం అన్నది. ఇక్కడ పక్కకు 3 జరిగితే పైకి 6 లేచింది. అంటే అడుగుకు 2. అర కాదు.

దాన్ని సరిచేసుకుని ఆమె వై = 2ఎక్స్ అని రాసి కింద గీత కొట్టేసింది. ఇది రెండో తప్పు. సరిచూడటానికి ఎక్స్ దగ్గర 2 వేస్తే వై 4 వస్తోంది. కానీ పుస్తకం ఇచ్చింది 3. ఎక్కడో ఒకటి ఎక్కువైంది. ఆ ఒకటిని తీసేస్తే వై = 2ఎక్స్ – 1. రెండో బిందువుతో కూడా చూసుకోవచ్చు: రెండైదులు పది, ఒకటి తీస్తే తొమ్మిది. కుదిరింది.

సమీకరణం రేషన్ కార్డు లాంటిది. అందులో పేరున్న వాళ్లంతా ఆ ఇంటివాళ్లు, లేనివాళ్లు పక్కింటివాళ్లు. ఒక బిందువు ఆ గీత మీద ఉందా లేదా అని అడిగితే గీత గీయక్కర్లేదు, కొలవక్కర్లేదు. బిందువు అంకెలు అందులో వేసి చూస్తే చాలు. (100, 199) ఆ గీత మీదే ఉంది. అంత పెద్ద గ్రాఫు కాగితం ఏ కొట్లోనూ దొరకదు, అయినా సందేహం లేదు.

ఇప్పుడు తండ్రి లెక్కను ఆమె పుస్తకం భాషలోకి మారిస్తే ఏమవుతుంది? అక్టోబరు 20ని సున్నా రోజు అనుకుంటే ఆయన చేతిలో ఉన్నవి రెండు బిందువులు: (0, 880), (10, 876). పక్కకు 10 జరిగితే కిందికి 4. కిందికి కాబట్టి గుర్తు మైనస్. వాలు మైనస్ 0.4. మొదలు 880. కాబట్టి

నీటిమట్టం = 880 – 0.4 × రోజులు.

మట్టం 854 కావాలంటే 26ను 0.4తో భాగించాలి. 65 రోజులు. అక్టోబరు 20కి 65 కలిపితే డిసెంబరు 24. ఆయన నోటితో చెప్పిన తేదీ అదే.

ఆయన చేసింది త్రైరాశికం. పాత బడుల్లో చదివిన వాళ్లందరికీ తెలిసిన లెక్క. పది కిలోలు అయిదు వందలైతే ఏడు కిలోలెంత? పదిని ప్రమాణం, అయిదు వందలను ఫలం, ఏడును ఇచ్ఛ అనేవాళ్లు. ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చవేసి ప్రమాణంతో భాగిస్తే జవాబు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత సార సంగ్రహంలో దీనికి ఓ అధ్యాయమే ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే లెక్కల పుస్తకం పద్యంలో చదువుకున్న జాతి మనది. ఇప్పటి పిల్లలకు వచనంలో చెప్పినా కష్టంగా ఉందంటే లోపం పిల్లలది మాత్రమే కాకపోవచ్చు.

అయితే త్రైరాశికానికి ఓ షరతుంది. సున్నా కిలోలకు సున్నా రూపాయలు కావాలి. అంటే దాని గీత గ్రాఫు మూలలో ఉన్న సున్నా గుండా పోయి తీరాలి. డ్యాము లెక్క అలా లేదు. సున్నా రోజున డ్యాము ఖాళీగా లేదు, 880 అడుగులుంది. ‘పది రోజులకు 876 అడుగులైతే ఇరవై రోజులకెంత’ అని ఎవరైనా నేరుగా త్రైరాశికం వేస్తే 1,752 అడుగులొస్తుంది, ఆ ఎత్తున నీళ్లు నిలిస్తే కట్టా ఉండదు, కింద ఊళ్లూ ఉండవు. కూతురు వై = 2ఎక్స్ అని రాసి ఆగిపోవడం కూడా సరిగ్గా ఇదే తప్పు. గీత ఎంత వాలిందో పట్టుకుంది. ఎక్కడ మొదలైందో మరిచింది.

తండ్రి ఆ పొరపాటు చేయలేదు. ఎందుకంటే ఆయన త్రైరాశికం వేసింది మట్టాల మీద కాదు, తేడాల మీద. ఇన్ని రోజుల తేడాకు ఇన్ని అడుగుల తేడా. ఇంకో అంత తేడాకు ఎన్ని రోజులు? పుస్తకంలో ‘బిందువు–వాలు రూపం’ అని పెద్ద పేరు పెట్టి, వై – వై1 = ఎం(ఎక్స్ – ఎక్స్1) అని రాసింది ఇదే. ఎడమవైపున్నది ఒక తేడా, కుడివైపు బ్రాకెట్లో ఉన్నది ఇంకో తేడా. మధ్యలో ఉన్న ఎం, తేడాకు తేడా రేటు. ఆ సూత్రం త్రైరాశికమే. తూకం వేసే ముందు ఖాళీ గిన్నె బరువు తీసేసినట్టు, మొదలును ముందే తీసి పక్కన పెట్టారంతే. ఈ ఒక్క ముక్క చెప్పి మొదలుపెడితే సరళరేఖ పాఠం సగం తేలికవుతుంది. చాలా క్లాసుల్లో ముందు సూత్రం బోర్డు మీదికెక్కుతుంది, తర్వాత ఇరవై లెక్కలు. తేడా అన్న మాట మధ్యలో ఎక్కడో జారిపోతుంది.

గీతను సమీకరణంగా రాయొచ్చన్న ఊహ పుట్టి నాలుగు వందల ఏళ్లు కూడా కాలేదు. ఫ్రాన్సులో రెనె డెకార్ట్ 1637లో అచ్చు వేసిన ‘జామెట్రీ’తో ఇది లోకానికి తెలిసింది. అదే రోజుల్లో అదే దేశంలో పియెర్ ఫెర్మా అనే న్యాయాధికారి, తీరిక వేళల్లో లెక్కలు చేసే మనిషి, రెండు అవ్యక్తాలున్న మొదటి తరగతి సమీకరణం ఎప్పుడూ సరళరేఖనే ఇస్తుందని రాసిపెట్టాడు. ఆయన రాత అచ్చయింది 1679లో, ఆయన పోయాక. ఆ ఇద్దరి పుస్తకాల్లోనూ ఇప్పుడు పిల్లలు గీసే రెండు అక్షాల గ్రాఫు, మైనస్ వైపులతో సహా, కనిపించదు. అది తర్వాతి వాళ్లు సర్దింది.

అక్షరాల గొడవ కూడా తర్వాతిదే. మన పుస్తకాల్లో వై = ఎంఎక్స్ + సి. అమెరికా పిల్లలు సి బదులు బి రాస్తారు. స్వీడన్‌లో వాలుకు కె, మొదలుకు ఎం వాడతారు. మన పిల్లవాడు వాలు అనుకునే ఎం అక్కడ అంతరఖండం. కాబట్టి ఎం అన్న అక్షరంలో మహత్తు ఏమీ లేదు. ‘రో’ అనీ ‘మొ’ అనీ రాసుకున్నా లెక్క నడుస్తుంది. మన పాత గణితజ్ఞులు ‘యావత్తావత్తు’ను యా అనీ, ‘కాలకం’ను కా అనీ, ‘నీలకం’ను నీ అనీ కుదించి రాసుకున్నవాళ్లే. నలుపు, నీలం అని రంగుల పేర్లు. తెలియని సంఖ్యకు రంగు పేరు పెట్టడంలో ఏదో ముచ్చట ఉంది.

మొదలు సంగతి ఇంకొంచెం చూడాలి. నంద్యాలలో ఉదయం ఎనిమిదింటికి ఆళ్లగడ్డ బస్సు బయల్దేరింది. రెండు ఊళ్ల మధ్య సుమారు 40 కిలోమీటర్లు. గంటకు 40 చొప్పున ఎక్కడా ఆగకుండా పోతే (ఇది పుస్తకాల్లో బస్సు, నిజం బస్సు శిరివెళ్లలో ఆగుతుంది) నంద్యాల నుంచి దూరం = 40 × గంటలు. ఇది సున్నా నుంచి మొదలయ్యే గీత, త్రైరాశికానికి లొంగుతుంది. అదే బస్సును కర్నూలులో కూర్చున్న బంధువు లెక్కపెడితే? కర్నూలు నుంచి నంద్యాలకు లెక్క సులువు కోసం 70 అనుకుంటే, దూరం = 70 + 40 × గంటలు. బస్సు ఒకటే, వేగం ఒకటే, సమీకరణాలు రెండు. సున్నా ఎక్కడ పెట్టుకున్నారన్నదే తేడా. సి మారింది, ఎం మారలేదు. సున్నా ఎక్కడ పెట్టాలన్నది లెక్క చేసేవాళ్ల ఇష్టం. వాలు మాత్రం బస్సు సొంతం.

అదే ఎనిమిదింటికి ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఇంకో బస్సు బయల్దేరిందనుకుంటే, కర్నూలు బంధువు దాన్ని 110 – 40 × గంటలు అని రాసుకుంటాడు. దగ్గరికొస్తోంది కాబట్టి మైనస్. రెంటినీ సమానం చేస్తే అరగంట వస్తుంది, దూరం 90. డ్రైవర్లిద్దరూ ఒకరికొకరు చెయ్యి ఊపుకునే చోటు అదే. రెండు గీతలు కలిసే బిందువు కనుక్కోవడమంటే ఇంతే.

ఆళ్లగడ్డ దాకా వచ్చాక శిల్పుల దగ్గర ఆగకుండా ఎలా? రోడ్డు పక్కనే రాతి విగ్రహాలు సగం చెక్కి నిలబెట్టి ఉంటాయి. శిల్పికి ఉలి కంటే ముందు కావలసింది దారం. విగ్రహానికి నడిమధ్యన, తల నుంచి పాదాల దాకా పోయే నిలువు గీతను శిల్పశాస్త్రంలో బ్రహ్మసూత్రం అంటారు. మిగిలిన కొలతలన్నీ దానికి అటూ ఇటూ లెక్క. దారానికి గుండు కట్టి వదిలితే అది నిలువుగా నిలుస్తుంది. పీఠం అడ్డంగా సమంగా ఉందో లేదో చూడటానికి రసమట్టం.

సరళరేఖ పాఠంలో పిల్లలను బాగా తికమకపెట్టే రెండు గీతలూ ఇవే. రసమట్టం గీతకు వాలు సున్నా. పక్కకు ఎంత పోయినా పైకి ఎక్కేది లేదు. వై = 3 లాంటి సమీకరణం దానిది. గుండు దారం గీతకు వాలు సున్నా కాదు. అసలు చెప్పడానికే లేదు. పక్కకు జరిగింది సున్నా, సున్నాతో భాగించడం కుదరదు. అందుకే వై = ఎంఎక్స్ + సి అన్న అచ్చులో ఆ గీతను పోత పోయలేరు. ఎక్స్ = 3 అని విడిగా రాయాలి. ‘వాలు లేదు’ అన్నదీ ‘వాలు సున్నా’ అన్నదీ ఒకటే అనుకుని రాసేసి పరీక్షలో మార్కులు పోగొట్టుకున్న వాళ్లు తక్కువేమీ కాదు. పడుకున్న దారాన్నీ నిలబడ్డ దారాన్నీ ఒకటే అనుకుంటే విగ్రహం ఏమవుతుందో శిల్పిని అడగాలి.

ఇక కాలువ. సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పోయే కేసీ కాలువ 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కాలువ అంటేనే వాలు. మరీ ఎక్కువైతే నీటి వడికి గట్లు కోసుకుపోతాయి. మరీ తక్కువైతే ఒండ్రు పేరుకుని పూడిపోతుంది. తలదగ్గర మట్టం ఒకటి, మైలుకు ఇంత దిగాలన్న రేటు ఒకటి, ఈ రెంటితో ఎక్కడికక్కడ అడుగు ఎంత లోతున ఉండాలో తేల్చుకుంటారు. సి, ఎం మళ్లీ వచ్చాయి.

తిరిగి ఆ ఇంటికి. నవంబరు 9న పేపర్లో 870 అని పడింది. తండ్రి గీత ప్రకారం ఇరవయ్యో రోజున 872 ఉండాలి. రెండడుగులు తక్కువ. ఆయన కూతుర్ని పిలిచాడు.

“పాపా, నా లెక్క తప్పిందా?”

ఆమె నోటుబుక్కు వెనక పేజీలో మూడు చుక్కలు పెట్టింది. మొదటి రెంటినీ స్కేలుతో కలిపి ముందుకు గీసింది. మూడో చుక్క ఆ గీతకు కిందపడింది. “లెక్క సరిగ్గానే ఉంది నాయనా. నీళ్లే గీత మీద లేవు.”

రెండు చుక్కల మధ్య ఎప్పుడూ ఒక సరళరేఖ గీయొచ్చు. చుక్కలకు అందులో ఎంపిక లేదు. ఆ రెండూ నిజంగా సరళరేఖ మీదివో కాదో చెప్పగలిగేది మూడో చుక్కే. డ్యాము గోడలు నిలువుగా ఉండే తొట్టె కాదు. లోయ. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. కాలువలకూ కరెంటుకూ రోజూ అంతే నీళ్లు తీసినా, కింద అడుగు తొందరగా దిగుతుంది. కాబట్టి మట్టం గీత అసలు సరళరేఖ కాదు, క్రమంగా కిందికి వంగే గీత. కొన్ని రోజుల మేరకు దాన్ని సరళరేఖ అనుకుంటే నష్టం లేదు. రెండు నెలల ముందుకు చాపితే పంట మీదికొస్తుంది. ఇలా వంగే లెక్కలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి. బోరు వేసే లారీవాళ్ల రేటు అలాంటిదే. కొన్ని వందల అడుగుల దాకా అడుగుకు ఒక రేటు, అది దాటితే ఇంకో రేటు, ఇంకా దాటితే ఇంకోటి. మొదటి వంద అడుగుల ఖర్చు చూసి మొత్తానికి త్రైరాశికం వేసుకున్న రైతుకు కింద నీళ్లు పడినా పడకపోయినా అప్పు మాత్రం అనుకున్నదానికంటే లోతుగా పడుతుంది.

“అయితే ఇప్పుడేం చేయాల?”

“చివరి రెండు చుక్కలతో గీద్దాం.”

అక్టోబరు 30న 876, నవంబరు 9న 870. పది రోజులకు ఆరడుగులు. వాలు మైనస్ 0.6. మిగిలింది 16 అడుగులు. 16ను 0.6తో భాగిస్తే 27 రోజులకు కాస్త తక్కువ. నవంబరు 9కి 27 కలిపితే డిసెంబరు 6. ఇంకా వంగితే అంతకంటే ముందే.

కావలసింది డిసెంబరు 15 దాకా. తొమ్మిది రోజులు తక్కువ. వరిలో గింజ పాలు పోసుకుని గట్టిపడే రోజులు అవే. ముచ్చుమర్రి ఎత్తిపోతల ఉంది కదా, 854 కింద నుంచి కూడా కేసీ కాలువకు నీళ్లు తోడటానికే కదా దాన్ని కట్టింది అని ఇంట్లో పెద్దావిడ గుర్తుచేసింది. నిజమే. కానీ ఏ రోజు ఎన్ని పంపులు నడుస్తాయో, తోడిన నీళ్లు ఈ చివరి కయ్య దాకా వస్తాయో రావో ఏ సమీకరణంలోనూ లేదు.

ఆ రాత్రే ఆయన కుందూ ఒడ్డున పొలమున్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఆయిలింజను డిసెంబరు మొదటి వారానికి కావాలన్నాడు. ఎన్ని దినాలకని అవతల అడిగితే, ఫోను చేత్తో మూసి లోపలికి కేకేశాడు.

“పాపా, తొమ్మిదేనా, పది చెప్పమంటావా?”

“పన్నెండు చెప్పు నాయనా,” అంది లోపలినుంచి.